కుక్కర్ పెట్టెలో వచ్చిన వంటల పుస్తకాలు

ఆదివారం హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల అడుగున వెతకండి. కుక్కర్, మిక్సీ కంపెనీల బుక్‌లెట్లు అక్కడే నలిగి ఉంటాయి. ముద్రణ సంవత్సరం లేకపోతే చిరునామా చూడాలి: ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కి ముందుది కాదు. తులాలు, సేర్ల కొలతలుంటే ఇంకా పాతది కావచ్చు.

ఈ బుక్‌లెట్లకు అసలు శత్రువు వాటిని కుట్టిన స్టేప్లర్ పిన్ను. వానాకాలం చెమ్మకి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది. లాగితే చిరుగుతుంది. మధ్య పేజీ తెరిచి, పిన్ను కాళ్లను మొండి చాకుతో నిలబెట్టి, వెనక నుంచి తీయండి. అవే రంధ్రాల్లోంచి తెల్ల నూలుదారం కట్టండి. సెల్లోటేప్ మాత్రం వద్దు, జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది. లామినేషన్ మరీ అన్యాయం, ఇక వెనక్కి తీయలేం.

నూనె మరకలున్నా, అంచున ఎవరో పెన్నుతో "రెండు విజిల్స్ చాలు" అని దిద్దిన కాపీ దొరికితే వదలకండి.