ఓరుగల్లు ఎండల్లో వీపింగ్ విల్లో పెంచాను: నా అనుభవం

వరంగల్ ఎండలకు వీపింగ్ విల్లో, అంటే కొమ్మలు కిందికి వాలి వేలాడే చెట్టు, బతుకుతుందా అని చాలామంది అడుగుతుంటారు. బతుకుతుంది. కాకపోతే చెట్టు కొనే ముందే దానికి చోటు చూసుకోవాలి. మా పొలం హనుమకొండకు దగ్గరలోనే, ఊరి చెరువు కట్ట కింద ఉంటుంది. ఒక మూలన ఏడాది పొడవునా జాలు పట్టి ఉండేది, వరి కూడా సరిగ్గా పండేది కాదు. అక్కడ చిన్న కుంట తవ్వించాం. ఆ గట్టు మీదే నా విల్లోలు పెరిగాయి.

ఈ చెట్టు పుట్టిల్లు ఉత్తర చైనా. వర్తకుల వెంట సిల్క్ రోడ్డు మీదుగా పడమటి దేశాలకు చేరింది. దారిలో ఎడారి ఒయాసిస్సుల్లోనూ పెరిగిందని చదివాక నాకు ధైర్యం వచ్చింది. పైన వడగాలి కొట్టినా వేళ్లకు తడి అందితే తట్టుకునే చెట్టన్నమాట. మన మే నెల 44, 45 డిగ్రీల ఎండలో అదే దానికి ఆధారం.

కొమ్మలు జనవరిలో డెహ్రాడూన్ నుంచి మా బంధువులు తెచ్చారు. పెన్సిల్ లావువి, జానెడు పైన పొడవు, తడి గోనెసంచిలో చుట్టి ఉన్నాయి. కింది కొనను ఏటవాలుగా, పై కొనను అడ్డంగా కోయించాను. ఆకు లేని కొమ్మకు తల ఏదో మొదలు ఏదో తెలియదు, తలకిందులుగా నాటితే సరిగ్గా నాటుకోదు. బకెట్టులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి నీడలో పెట్టాం. కొన్నాళ్లకు బెరడు మీద తెల్లటి పొక్కులు లేచి, ఒక్కో పొక్కు చీలి వేరు బయటికొచ్చింది. వేళ్లు అంగుళం దాటకముందే సంచుల్లోకి మార్చాలి. నీళ్లలో పెరిగిన వేరు పెళుసుగా ఉంటుంది, పొడవైతే మట్టి కప్పేటప్పుడే విరిగిపోతుంది. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా కలిపి నింపాను.

మృగశిర వానలు పడ్డాక గట్టు మీద నాటాం. గుంతలో పెంటతో పాటు వేపపిండి తప్పనిసరి, మా దగ్గర చెదలు ఎక్కువ. పడమటి వైపు వరుసగా అవిశె చెట్టు విత్తనాలు వేశాను. అవి తొందరగా ఎదిగి మధ్యాహ్నపు ఎండకు అడ్డం నిలుస్తాయి. మొదళ్ల చుట్టూ వరిగడ్డి మందంగా పరిచి, కాండానికి మాత్రం జానెడు దూరం వదిలాం.

అన్నిటికంటే ఓపిక కావాల్సిన పని కాండం నిలబెట్టడం. విల్లోను దాని మానాన వదిలేస్తే మోకాలి ఎత్తు నుంచే కొమ్మలు వంగి నేలను పట్టేస్తాయి, చెట్టు కాదు, పొద అవుతుంది. నిటారుగా ఉన్న ఒక్క కొమ్మను ఎంచుకుని వెదురు బొంగుకు కట్టాలి. కట్టడానికి పాత నూలు చీర పేలికలు మంచివి, తాడైతే బెరడులోకి దిగుతుంది. కొమ్మ పెరిగే కొద్దీ కట్టు పైకి జరపాలి, పక్క చిగుళ్లను లేతగా ఉన్నప్పుడే గిల్లాలి. అలాగని ఒకేసారి ఆకంతా తీయకూడదు, కాండం లావెక్కడానికి ఆ ఆకే కావాలి. తల ఎనిమిది అడుగులు దాటేదాకా ఇదే పని. ఆ తర్వాత కొమ్మలు వాటంతట అవే వాలడం మొదలైంది. చూస్తుంటే కడుపు నిండింది.

పక్క పొలం తాత మొదట్లో "గిది ఏం కాస్తది బిడ్డా?" అని అడిగాడు. "ఏం కాయదు తాతా, నీడ ఇస్తది. మేకలు మాత్రం ఆకు మస్తు తింటయి" అన్నాను. మేకల మాట వినగానే మర్నాడు తనే తుమ్మకంప తెచ్చి చుట్టూ పాతాడు.

మొదటి రోహిణి కార్తెలో ఆకుల అంచులు మాడి సగానికి పైగా రాలాయి. గోటితో బెరడు గీకి చూస్తే లోపల పచ్చగానే ఉంది. పొద్దున్నే నిండుగా నీళ్లు పెట్టడం తప్ప ఇంకేమీ చేయలేదు, ఎరువు అసలే వేయలేదు. తొలకరి పడగానే కణుపు కణుపుకూ చిగురు వచ్చింది. నల్లరేగడి ఉన్న వైపు చెట్టుకు ఆకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. ఇనుము అందకపోతే అలా అవుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి కొట్టాను, కొత్త ఆకు పచ్చగా వచ్చింది.

రెండో ఏడు ఒక కాండం మొదట్లో రంపపు పొట్టు లాంటిది కుప్పగా కనిపించింది. చూసింది తాతే. "పురుగు లోపల ఉన్నది, తీగ తే" అన్నాడు. పొట్టు తుడిస్తే పెన్సిల్ దూరేంత రంధ్రం. సైకిల్ చువ్వ వంచి లోపలికి పోనిచ్చి తిప్పితే తెల్లటి లావు పురుగు చువ్వకు గుచ్చుకుని వచ్చింది. పెట్రోల్‌లో తడిపిన దూది కుక్కి బంకమట్టితో మూసేశాం. చెట్టు దక్కింది. అప్పటి నుంచి కాండాలకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తున్నాను, నీళ్లు పెట్టేటప్పుడల్లా మొదళ్లు తడిమి చూస్తాను.

ఇప్పుడు చలికాలంలో కత్తిరించిన కొమ్మలు అడిగిన వాళ్లకు ఇస్తున్నాను. కుంట, బాయి గడ్డ, కాలువ పక్క జాగా ఉన్నవాళ్లకు సంతోషంగా ఇస్తాను. ఇంటి ముందు నాటుతామనే వాళ్లకు మాత్రం వద్దనే చెప్తాను. తడి ఎక్కడుంటే అక్కడికి పోయే వేళ్లు ఇవి, డ్రైనేజీ పైపు అతుకుల్లోనూ సెప్టిక్ ట్యాంకులోనూ దూరతాయి. కొమ్మలు కూడా పెళుసు, మే నెల గాలిదుమారానికి విరిగి పడతాయి. ఇంటి ముందు వాలే కొమ్మలే కావాలంటే వీపింగ్ బాటిల్ బ్రష్ పెట్టుకోమంటాను. ఎర్రటి పూలు పూస్తుంది, విల్లో అంత నీరు అడగదు, నర్సరీల్లో దొరుకుతుంది.