కాటన్ అంటే పత్తి కాదట

"బాబాయ్, కాటన్ దొర పత్తి వ్యాపారం చేసేవాడా?"

ధవళేశ్వరంలో విగ్రహం ముందు నిలబడి అన్నయ్య కొడుకు అడిగిన ప్రశ్న ఇది. నిజమే, ఆ పేరు వింటే నాకూ పత్తే గుర్తొస్తుంది.

ఇంటికొచ్చి పుస్తకాలు తీశాను. పత్తికీ ఆయన ఇంటిపేరుకీ సంబంధమే లేదు! పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె. 'కాటుమ్' అంటే గుడిసెల దగ్గర. అలా గుడిసెల చుట్టూ వెలసిన ఊళ్లకు కోటన్, కాటన్ అని పేర్లు పడ్డాయి. కేంబ్రిడ్జ్ పక్కన కోటన్ ఇప్పటికీ ఉంది. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఊరి పేరే ఇంటిపేరైంది, అచ్చం మన దగ్గర లాగే.

బట్టల కాటన్ దారి వేరు. అది అరబిక్ మాట 'కుత్న్' నుంచి వచ్చింది.

కాటన్ దొర గోదావరి మీద కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలవ నీళ్లతోనే మా తాత పొలం పండింది. ఇన్నేళ్లుగా ఎంతో ప్రేమగా తలచుకునే ఆ పేరులో కొన్ని గుడిసెలున్నాయని ఈరోజే తెలిసింది. మనసంతా అదోలా అయిపోయింది.

వాడు మాత్రం అక్కడితో ఆగలేదు. "మరి మన ఇంటిపేరు ఊరు ఎక్కడుంది బాబాయ్?"

పొద్దున్నే నాన్నకి ఫోన్ చేయాలి.