అస్కా చెరకుతోటలో అసల్ ఉత్తర్ యుద్ధం

బరంపురంలో నాది పెళ్ళిళ్ళ ఫొటో స్టూడియో. యుద్ధం ఫొటోలు తియ్యమని అడిగింది మా వీధిలో ఉండే రిటైర్డ్ హవల్దార్ మావయ్య. మా తెలుగు పిల్లలు చదివే బడిలో సెప్టెంబర్ 10న ప్రదర్శన పెట్టాలని ఆయన పట్టుదల. 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో అదే రోజున పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో జీపు మీది తుపాకీతో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను పేల్చి, ప్రాణమిచ్చి, పరమవీరచక్ర పొందిన మన సైనికుడు అబ్దుల్ హమీద్ ఘట్టాన్ని కుర్రాళ్ళతో చేయించాలన్నారు.

అప్పట్లో మనవాళ్ళు పట్టుకున్న ప్యాటన్‌ని అహ్మద్‌నగర్ ట్యాంక్ మ్యూజియంలో చూడొచ్చు. అట్టముక్కలతో ట్యాంకు చేద్దామని కుర్రాళ్ళు సరదాపడ్డారు గానీ నేను వద్దన్నాను. ట్యాంకు ఫ్రేములో ఉండక్కర్లేదు, దాని కోసం కాచుకున్న జీపు చాలు.

చోటు మాత్రం మా బరంపురం దగ్గరి అస్కాలో, ఒక చెరకుతోటలో సరిగ్గా దొరికింది. హమీద్ కాపు కాసింది కూడా చెరకు మాటునే. రైతు ఒప్పుకున్నాక పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇచ్చాం. బొమ్మ తుపాకులైనా దూరం నుంచి చూసేవాళ్ళకి టెన్షనే కదా. బట్టలు ఆలివ్ రంగులో కుట్టించాం, బ్యాడ్జీలు, ర్యాంకు గుర్తులు లేకుండా. పౌరులు సైనికుల వేషంలో జనాన్ని నమ్మిస్తే చట్టం ఊరుకోదు, మావయ్య అయితే అసలే ఊరుకోరు.

పాత మహీంద్రా జీపుకి స్టిక్కర్లన్నీ పీకేశాం. తుపాకీకి ప్లంబింగ్ పైపు తెచ్చాం. అసలుది 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్ (పేల్చినప్పుడు వెనక్కి తన్నని తుపాకీ), పొడవు దాదాపు 3.4 మీటర్లు. నేను గొట్టం మూతి దగ్గర పొగ పెట్టించబోతే మావయ్య ఆపేశారు.

"ముందు కాదు బాబూ, వెనక. గుండు ముందుకెళ్తే గాలి అంతా వెనక నుంచి తన్నుకొస్తుంది. అందుకే అంత పెద్ద తుపాకీ జీపుని విరగ్గొట్టదు. కానీ ఆ పొగ చూసి శత్రువు కనిపెట్టేస్తాడు. పేల్చిన చోట ఆగితే చచ్చినట్టే."

దాంతో నా ప్లాన్ మొత్తం మారింది. జీపుకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడ్డాను, వెనక పొగకి చోటు వదిలి. పెళ్ళి షూటింగుల్లో వాడే పొగ గొట్టాలు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్ళు జీపు వెనక నక్కారు. పేల్చిన క్షణానికి షటర్ 1/1000 సెకను, పేల్చాక జీపు తప్పుకునేటప్పుడు 1/30 సెకనులో కెమెరాని దాంతోపాటే తిప్పాను. జీపు నిలకడగా, చెరకు ఆకులు గీతల్లా వచ్చాయి. మావయ్య చెప్పిన ఆ పరుగు ఫొటోలో కనిపించాలంటే ఇదొక్కటే దారి.

ఉదయం ఎనిమిదింటికే మొదలుపెట్టాం. ఆ రోజు ప్యాటన్ల దాడి మొదలైంది కూడా ఎనిమిదింటికే. ఎండ ఎదురుగా పెట్టుకుంటే పొగ తెల్లగా వెలిగింది, అందుకని ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించాను. ముందురోజు వాన పడి పొలమంతా బురద. కుర్రాళ్ళు విసుక్కున్నారు గానీ నాకు మాత్రం ఆ బురదే కావాలి. మనవాళ్ళు కాలువ నీళ్ళు పొలాల్లోకి వదిలితేనే కదా ప్యాటన్లు అక్కడ కూరుకుపోయింది!

ప్రదర్శనలో ప్రతి ఫొటో కింద రెండు వరుసలు రాయించాను: 1965లో అసల్ ఉత్తర్‌లో ఏం జరిగిందో పైన, ఇది అస్కాలో మన పిల్లలు నటించినదని కింద, రెండూ ఒకే సైజు అక్షరాల్లో.