నిండు కొలత, కొసరుతో సహా

"ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును." ఆరాధనలో ఈ మాట వినపడగానే చేతులు జేబుల్లోకి వెళ్తాయి. కానుకల సంచి వస్తోందని అందరికీ తెలుసు. నేనూ ఏళ్ల తరబడి లూకా 6:38ని కానుకల వాక్యంగానే విన్నాను. ఇప్పుడు మాత్రం చిరాకేస్తుంది. దాని పై వచనం చదవరేం? తీర్పు తీర్చకుడి, నేరము మోపకుడి, క్షమించుడి. ఆ వెంటనే వచ్చే మాట ఇది. పక్కవాణ్ణి మనం ఎలా తూస్తున్నామో ప్రభువు అడుగుతుంటే, మనం పర్సు తీస్తున్నాం.

"అణచి, కుదిలించి, దిగజారునట్లు నిండు కొలత." ఈ మాటలంటే నాకు ప్రాణం. ఊళ్లో మా నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు ఉండేది. బియ్యం డబ్బాతో కొలిచేవారు. పైపైన నింపితే డబ్బా నిండినట్టే కనిపిస్తుంది. అరచేత్తో అదిమి, నేలకేసి రెండుసార్లు తడితే బియ్యం అంచుకు రెండు వేళ్లు కిందికి దిగుతుంది. మళ్లీ పోయాలి. గోపురంలా పోసి, అంచుల మీంచి జారుతుండగానే కొంగులో ఒంపాలి. నాన్నగారు అంతటితో ఆగక ఇంకో గుప్పెడు తీసి పైన వేసేవారు. కొసరు. మామూలుగా దాన్ని అడిగి వేయించుకుంటారు. ఆయన అడగనిచ్చేవారు కాదు.

ఆయన లేనప్పుడు కొట్లో నేను కూర్చునేవాణ్ణి. అప్పుడు పదో తరగతి. కందిపప్పు పైనుంచి దభాలున పోస్తే ఆ ఊపుకి త్రాసు పళ్లెం దిగుతుంది. అది తేరుకునేలోపే పొట్లం కట్టేయాలి. ఎవరు నేర్పారో గుర్తులేదు గానీ, చెయ్యి బాగానే తిరిగింది. ఒకరోజు నాన్నగారి కంట పడ్డాను. తిట్టలేదు. పొట్లం విప్పించి, మళ్లీ పోయించి, పళ్లెం కదలకుండా నిలిచేదాకా చూస్తూ నిలబడమన్నారు. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని ఎవరూ వల్లించక్కర్లేకపోయింది.

ఇప్పుడు నా చేతిలో త్రాసు లేదు, అకౌంట్స్‌లో ఉద్యోగం. ఆ పాపం వదిలిందనే అనుకున్నాను. మొన్న మా ఇంట్లో పనిచేసే ఆమె జ్వరమొచ్చి నాలుగు రోజులు రాలేదు. నెలాఖరున క్యాలిక్యులేటర్ తీసి, నాలుగు రోజుల డబ్బులు తగ్గించి ఇచ్చాను. ఆమె వెళ్లాక మా ఆవిడ, "ఏవండీ, పోయిన నెల మీకు జ్వరమొస్తే ఆఫీసులో జీతం కోశారా?" అంది.

సంచిలో వేరువేరు తూనికె రాళ్లు ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం. నా సంచిలో రెండూ ఉన్నాయి. నా జ్వరానికి ఒకటి, ఆమె జ్వరానికి ఒకటి. మా ఆవిడ ఆలస్యం చేస్తే బద్ధకం, నేను చేస్తే ట్రాఫిక్. కింద పనిచేసే కుర్రాడి తప్పు నలుగురిలో చెబుతాను, నాది మెయిల్‌లో మెల్లగా సర్దేస్తాను. మీ సంచి కూడా ఒకసారి దులిపి చూడండి.

"మీరు ఏ కొలతతో కొలుతురో" అనే మాటను బెదిరింపుగా చెబుతారు కొందరు. నాకలా వినిపించదు. 36వ వచనంలో తండ్రి కనికరం చెప్పిన తర్వాతే గదా ప్రభువు ఈ మాటకు వచ్చాడు! సిలువ దగ్గర ఆయన గీసి గీసి కొలిచి ఉంటే మన గతేమిటి? అంత క్షమాపణ ఒడినిండా పోయించుకుని ఇంటికొచ్చి, నాలుగు రోజుల కూలి దగ్గర లెక్కలు తీస్తాం.

ఈ ఆదివారం కానుక కవరు అంటించే ముందు కాస్త ఆగండి. ఎవరి జీతం కోశారో, ఏ తమ్ముడితో మాట మానేశారో చూసుకోండి. కానుక బలిపీఠం ఎదుటే విడిచి, ముందు వెళ్లి సమాధానపడమన్నాడు ఆయన. కవరు ఎక్కడికీ పోదు.

మర్నాడు ఆమె రాగానే కోసిన డబ్బులు చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకుని, ఒక నోటు వెనక్కి ఇవ్వబోయింది.

"ఎక్కువ ఇచ్చారు సార్."

"కొసరమ్మా," అన్నాను.