బంబుల్‌ఫుట్: మా పెట్ట అరికాలి పుండు ఇంట్లోనే మాన్పిన అనుభవం

పెరట్లో కోళ్ళు పెంచేవాళ్ళకి బంబుల్‌ఫుట్ అనే పేరు తెలియకపోయినా ఆ పుండు ఎప్పుడో ఒకప్పుడు కంటబడే ఉంటుంది. అరికాలి మధ్యలో ఉండే మెత్తటి కండ మీద నల్లగా గుండ్రటి పక్కు, చుట్టూ ఎర్రటి వాపు, ఆ కాలు నేలకి ఆనించకుండా ఎత్తి పట్టుకుని నిలబడే కోడి. మా వాటిలో అందరికంటే బరువైన పెట్టకి వచ్చింది. మేత మానలేదు, గుడ్లు పెడుతూనే ఉంది. గూట్లో రాత్రి ఎక్కి పడుకునే కర్ర మీది నుంచి దిగాక మాత్రం నాలుగడుగులు వేసి కూర్చుండిపోయేది.

కుంటే ప్రతి కోడికీ ఇదే జబ్బు ఉండదు. కాలి పొలుసులు పైకి లేచి గరుకుగా కనిపిస్తే అది పొలుసుల కింద దూరే మైట్స్ అనే సన్నటి పురుగుల పని. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాచి పడిపోతుంటే మారెక్స్ అనే వైరస్ వ్యాధేమో అనుమానించాలి. అరికాలు బాగానే ఉండి కీళ్ళు వాచి వేడిగా ఉంటే అది వేరే ఇన్‌ఫెక్షన్. మా పెట్టకి పక్కు స్పష్టంగా కనబడుతోంది కాబట్టి ఆ విషయంలో సందేహం లేదు. ఇంట్లో చూసుకోవచ్చా, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలా అన్నదే తేలాలి.

పశువైద్యుడికి ఫొటోలు పంపి ఫోన్లో మాట్లాడాను. ఆయన అడిగినవి ఇవే: వాపు అరికాలి దగ్గరే ఆగిందా, వేళ్ళకీ పై కీలుకీ పాకిందా? కోడి తింటోందా? వాపు పైకి పాకినా, మేత మానేసినా ఇంటి వైద్యం పనికిరాదు, ఎందుకంటే అప్పటికి ఇన్‌ఫెక్షన్ కండని ఎముకకి కలిపే స్నాయువుల్లోకో ఎముకలోకో దిగి ఉండొచ్చు అన్నారు. మాది ఇంకా అక్కడిదాకా రాలేదు. యాంటీబయాటిక్ గురించి అడిగితే, చూడకుండా ఇవ్వనన్నారు. ఇవ్వాల్సి వస్తే మందు గుడ్లలోకి కూడా దిగుతుంది కాబట్టి, చెప్పినన్నాళ్ళు ఆ గుడ్లు తినకూడదట. మనుషులకి వాడిన మాత్రల్లో మిగిలినవాటిని ముక్కలు చేసి కోళ్ళకి వేసేవాళ్ళు ఇది తప్పకుండా తెలుసుకోవాలి.

ఈ పుండుకి ఎక్కువగా కారణం స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. అది చర్మం మీదా పరిసరాల్లోనూ మామూలుగానే ఉంటుంది. అరికాలికి చిన్న గీత పడితే చాలు, లోపలికి దారి దొరికినట్టే. మనకైతే చీము పలచగా కారిపోతుంది. కోళ్ళ తెల్ల రక్తకణాల్లో ఆ చీముని కరిగించే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉండదు. అందుకే అది లోపలే మైనం ముద్దలా గట్టిపడిపోతుంది. నొక్కితే బయటికి రాదు. పైగా నొక్కడం వల్ల ఇన్‌ఫెక్షన్ ఇంకా లోపలికి పోతుంది. ఈ ఒక్క సంగతి అర్థమయ్యాక మొత్తం వైద్యం తీరే మారిపోయింది నాకు.

పని సాయంత్రం చీకటి పడ్డాక పెట్టుకున్నాను. కర్రెక్కిన కోడి పగటిలా గింజుకోదు. తువ్వాలు చుట్టి తల కప్పేస్తే ఇంకా నెమ్మదిస్తుంది. ఒళ్ళో పక్కకి వాల్చి పట్టుకున్నాను కానీ వెల్లకిలా ఎక్కువసేపు ఉంచలేదు, ఛాతీని నొక్కలేదు. మనకున్నట్టు కోడికి ఊపిరితిత్తుల కింద ఊపిరికి సాయపడే కండరపు పొర (డయాఫ్రమ్) ఉండదు, రొమ్మెముక కదిలితేనే గాలి ఆడుతుంది. గట్టిగా అదిమితే ఊపిరాడక చచ్చిపోయే ప్రమాదం ఉంది. చేతులకి గ్లోవ్స్ వేసుకున్నాను, అదే బాక్టీరియా మన చేతి గాయాల్లోకి కూడా ఎక్కగలదు.

గోరువెచ్చటి నీళ్ళలో ఎప్సమ్ సాల్ట్ కలిపి కాలిని పావుగంట నానబెట్టాను. ఆ నీళ్ళు తాగనివ్వకూడదు, విరేచనాలు పట్టుకుంటాయి. తర్వాత తడి తుడిచి పావిడోన్ అయోడిన్ అనే క్రిమినాశక మందు రాసేదాన్ని. మొదటి రోజుల్లో పక్కు ఊడలేదు, నేనూ లాగలేదు. రోజూ నానబెడుతూ వచ్చాక ఒక సాయంత్రం దాని అంచు దానంతటదే లేచింది. మెల్లగా పట్టుకుంటే వచ్చేసింది, దాని వెంటే లోపలి గట్టి చీము కొంత ఊడింది. మిగిలింది కండకి అంటుకుని ఉంది, కదిపితే నెత్తురు తగిలింది. అక్కడితో ఆపేశాను.

ఇక్కడే చాలామంది బ్లేడు పట్టుకుంటారు. మత్తు లేకుండా అరికాలిని కోస్తే కోడికి నరకమే, అరవనంత మాత్రాన నొప్పి లేదని కాదు. కోస్తే తెగేది చీము మాత్రమే కాదు, స్నాయువులు అక్కడే ఉంటాయి. కోత అవసరమైతే అది డాక్టర్ పని. నాకు తెలిసినంతవరకు, ఇంట్లో చేసే వైద్యానికి హద్దు పక్కు దానంతటది వదిలేంతవరకే. నొప్పి తగ్గుతుందని తిమ్మిరెక్కించే బెంజోకైన్ కలిసిన ఆయింట్‌మెంట్లు రాయడం కూడా మంచిది కాదు, పక్షులకి ఆ తరహా మందులు విషం కావచ్చు.

అన్నిటికంటే నా ఓపికని పరీక్షించింది బ్యాండేజి. పుండు మీద అయోడిన్, దానిపైన పుండుకి అంటుకోని గాజ్ గుడ్డ (పలచటి కట్టుగుడ్డ), ఆపైన తనకు తానే అతుక్కునే బ్యాండేజిని సన్నటి పట్టీలుగా కత్తిరించి వేళ్ళ సందుల్లోంచి తిప్పి, కాలు మీదుగా రెండు చుట్లు. వదులుగా కడితే తెల్లారేసరికి గూట్లో ఒక మూల పడి ఉంటుంది. బిగిస్తే వేళ్ళకి రక్తం అందదు. కట్టిన గంటకి మళ్ళీ చూసి, వేళ్ళు వాచాయా, చల్లబడ్డాయా అని తడిమేదాన్ని. పుండు మీద బరువు పడకుండా గాజ్ గుడ్డని మధ్యలో ఖాళీ ఉండేలా చుట్టగా మడిచి పెట్టాను, దానితో నడక తేలికైంది. కట్టు కట్టిన కొత్తలో బురదలో దిగినట్టు కాలు పైపైకి ఎత్తి నడిచేది. నవ్వొచ్చింది కానీ దాని మొహం మాత్రం చాలా సీరియస్.

తడిసిన కట్టు ఉండటం, అసలు కట్టు లేకపోవడం కంటే హాని. అందుకే పొడి నేల ఉన్న చిన్న జాలీ గదిలో పెట్టాను, కానీ మిగతా కోళ్ళకి కనబడేలాగే. పూర్తిగా దూరం చేస్తే తిరిగి వచ్చాక దాన్ని కొత్తదానిలా పొడుస్తాయి. కట్టు మొదట్లో రోజూ, గాయం పొడిబారాక రోజు విడిచి రోజు మార్చాను. ఊడిన పక్కునీ వాడిన గాజ్ గుడ్డనీ కవర్లో కట్టి పారేశాను, పెంట మీద వేయలేదు.

గాయం ఎలా వచ్చిందో వెతక్కపోతే మళ్ళీ వస్తుంది. మా గూట్లో ఎక్కే కర్ర బాగా ఎత్తులో ఉంది, అంచులు పదునుగా ఉన్నాయి, కింద లిట్టర్ (నేల మీద పరిచే పొట్టు) నీటి తొట్టి పక్కన ఎప్పుడూ చెమ్మే. బరువైన కోడి అంతెత్తు నుంచి రోజూ దూకుతుంటే అరికాలు దెబ్బతినకుండా ఉండదు. కర్రని మోకాలి ఎత్తుకి దించి, రెండు అంగుళాల వెడల్పున్న దాన్ని అంచులు నున్నగా రుద్ది పెట్టాం. తొట్టి బయటికి మార్చాం, లిట్టర్ అంతా తీసేసి కొత్తది పోశాం. కొవ్వు పట్టేలా అదనంగా వేస్తున్న గింజలు తగ్గించాం, దానికి ఆ విషయం అస్సలు నచ్చలేదు.

ఎర్రదనం పోయి కొత్త చర్మం వచ్చాక కట్టు తీసేశాను. పట్టి చూస్తే లోపల చిన్న గట్టి గడ్డ ఇంకా తగులుతోంది. డాక్టర్ చూసి, వేడి లేదు, కుంటడం లేదు కాబట్టి దాన్ని కదిలించొద్దన్నారు, పెరిగితేనే తీసుకురమ్మన్నారు. అప్పటినుంచి రాత్రి పూట కర్ర మీద ఉన్నప్పుడే టార్చితో అందరి అరికాళ్ళూ చూస్తున్నాను. అలా చూస్తేనే ఇంకో పెట్టకి పక్కు కట్టకముందే అరికాలు గులాబీ రంగుకి తిరగడం కనబడింది. దానికి నానబెట్టడం, అయోడిన్, పొడి నేల సరిపోయాయి, కట్టు దాకా వెళ్ళలేదు.