కొత్త ఆడాసిటీ పక్కన పాత ఆడాసిటీ

కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకుంటారా అని, గొంతు రికార్డు చేసి దిద్దుకునే ఆడాసిటీ ప్రోగ్రామ్ అడిగినప్పుడల్లా నేను ఆ పెట్టె మూసేస్తాను. కొత్తదంటే పడక కాదు. చేతిలో పుస్తకం సగంలో ఉండగా వేసుకోను, అంతే. "నచ్చకపోతే తీసేసి పాతది వేసుకోవచ్చు కదత్తా, దానికేటి?" అంటాడు మా మేనల్లుడు. ప్రోగ్రామ్ మటుకైతే వాడన్నది నిజమే, పది నిమిషాల పని. వెనక్కి రానిది మన రికార్డింగూ కోతలూ దాచుకునే ప్రాజెక్ట్ ఫైలు. ఆ సంగతి చాలామందికి ఫైలు తెరుచుకోనన్నాక గాని తెలియదు.

మేం కొంతమంది ఆడవాళ్లం చూపు లేని పిల్లల కోసం తెలుగు పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటాం. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివేవాళ్లకి చరిత్ర, భూగోళం, పాలిటీ. నేను మద్దిలపాలెంలో ఉంటాను, ఒకావిడ గాజువాక, ఇంకొకావిడ పెందుర్తి. చదవడం అందరం చేస్తాం. తప్పులు కోసి, రొద తగ్గించి, అధ్యాయాలుగా విడగొట్టే పని మాత్రం నాది. ఈ ఊళ్లో రికార్డింగ్ అంటే ముందు ఫ్యాన్ ఆపాలి, ఏప్రిల్ నెల ఉక్కపోతలో ఫ్యాన్ ఆపి అరగంట చదవడం అంటే ఏమిటో వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. అలా చెమటలు కారుస్తూ చదివిన గంట ఆడియో ఒక అప్‌డేట్ వల్ల చేతికందకుండా పోతే మళ్లీ చదవమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

ఆడాసిటీ పుట్టింది అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో. డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో మొదలుపెట్టారు, 2000 మేలో జనం చేతికొచ్చింది. అప్పటి నుంచీ ఉచితమే, సోర్స్ కోడ్ కూడా ఎవరైనా చూసుకోవచ్చు. నేను మొదట వాడిన రోజుల్లో ఎంపీ3గా మార్చాలంటే లేమ్ అనే చిన్న ఫైలు విడిగా దించుకుని, అది ఎక్కడుందో ఆడాసిటీకి చూపించాల్సి వచ్చేది. పేటెంట్ల గొడవ వల్ల దాన్ని లోపల పెట్టి ఇవ్వలేకపోయేవారు. 2017లో ఎంపీ3 పేటెంట్ల గడువు తీరిపోయింది. ఆ తర్వాత విండోస్‌కీ మ్యాక్‌కీ ఇచ్చే ఆడాసిటీలో లేమ్‌ని కలిపేశారు. ఇప్పటికీ యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి లేమ్ కోసం వెతికేవాళ్లున్నారు. అక్కర్లేదండీ.

అసలు సంగతికి వస్తాను. 2.4.2 వెర్షన్ వరకు ప్రాజెక్టు సేవ్ చేస్తే రెండు తయారయ్యేవి. ఏయూపీ అనే చిన్న ఫైలు, దాని పక్కన అదే పేరుతో చివర డేటా అని ఉన్న ఫోల్డరు. ఆ ఫోల్డరు నిండా చిన్న చిన్న ఆడియో ముక్కలు. ఏ ముక్క ఎక్కడ వస్తుందన్న పట్టిక మాత్రమే ఏయూపీలో ఉండేది. గాజువాక ఆవిడ పెన్‌డ్రైవ్‌లో ఏయూపీ ఒక్కటే వేసి పంపేది. "వేసీసేను కదక్కా, మళ్లీ ఏటి లేదంటావు?" అని ఆవిడ, లేదని నేను. బీరువా ఇంట్లో ఉంచుకుని తాళంచెవి నాకు పంపినట్టు ఉండేది వ్యవహారం. ఆవిడదేం తప్పు? కంటికి అదే ఫైలులా కనిపించేది.

2021 మార్చిలో 3.0 వచ్చి ఈ బాధ తీర్చింది. అంతా కలిపి ఏయూపీ3 అనే ఒకే ఫైలు. లోపల అది ఎస్‌క్యూలైట్ డేటాబేసు. పాత ఏయూపీని 3.0 తెరుస్తుంది, తెరిచి ఏయూపీ3గా మార్చి వేరేగా సేవ్ చేస్తుంది, పాతదాని జోలికి పోదు. కానీ రెండో వైపు దారి లేదు. ఏయూపీ3ని 2.4.2 తెరవలేదు.

ఇది మా ఇంట్లోనే తేలింది. మేనల్లుడి లాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు 22.04 అనే లినక్స్ ఉండేది. వాడు అందులోని సాఫ్ట్‌వేర్ భాండారం నుంచే ఆడాసిటీ వేసుకున్నాడు, వాడికి దొరికింది 2.4.2. ఊరంతా 3కి వెళ్లినా, ఆ ఉబుంటు విడుదల తన పాత ప్యాకేజీనే పట్టుకుని కూర్చుంది. నేను విండోస్‌లో చేసిన ఏయూపీ3 వాడికి పంపితే తెరుచుకోలేదు. "ఫైలు పాడైపోయింది అత్తా" అని ఫోన్. పాడవలేదురా నానా, నీది పాతది అన్నాను. వాడి దగ్గర దానికి మంచి మందు ఉంది, యాప్‌ఇమేజ్. ఆడాసిటీ వాళ్లు లినక్స్‌కి ఇచ్చే ఒంటి ఫైలు అది. దించుకోవడం, నడిపే అనుమతి ఇవ్వడం, నొక్కడం. ఇన్‌స్టాలేషన్ అనే మాటే లేదు. 3.1ది ఒకటి, 3.4ది ఒకటి ఒకే ఫోల్డర్లో పక్కపక్కన పెట్టుకున్నాడు. విండోస్ వాళ్లకంటే ఈ విషయంలో లినక్స్ వాళ్లే సుఖపడుతున్నారు.

విండోస్‌లో కూడా ఆ సుఖం కావాలంటే ఇన్‌స్టాలర్ బదులు జిప్ ఫైలు దించుకోవాలి. ఇన్‌స్టాలర్ అయితే మామూలుగా పాతదున్న ఫోల్డర్లోనే కొత్తదాన్ని పరిచేస్తుంది. నేను డీ డ్రైవ్‌లో ఆడాసిటీ అని ఒక ఫోల్డరు పెట్టి, లోపల వెర్షన్ నంబరుతో ఒక్కొక్క ఫోల్డరు చేసి, జిప్‌ని అందులో విప్పుతాను. తర్వాత ఆడాసిటీ ప్రోగ్రామ్ ఫైలు పక్కనే పోర్టబుల్ సెట్టింగ్స్ అనే పేరుతో ఖాళీ ఫోల్డరు ఒకటి చేస్తాను, పేరు మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. అది కనిపిస్తే ఆడాసిటీ తన సెట్టింగులన్నీ అందులోనే రాసుకుంటుంది. అది లేకపోతే అన్ని వెర్షన్లూ యాప్‌డేటాలో రోమింగ్ కింద ఉన్న ఒకే ఆడాసిటీ ఫోల్డర్‌ని పంచుకుంటాయి. కొత్తది రాసిన సెట్టింగుల్ని పాతది చదివి తికమకపడటం అక్కడ మొదలవుతుంది. పాతదానికి వెళ్లాక మైకు కనిపించడం లేదనో, ఎఫెక్టులు మాయమయ్యాయనో అంటారు చూడండి, ముందు చూడాల్సింది ఆ ఫోల్డర్నే. అందులోని సీఎఫ్‌జీ ఫైళ్ల పేర్లు మార్చి ఆడాసిటీ మళ్లీ తెరిస్తే కొత్తగా రాసుకుంటుంది. తీసేయడం కంటే పేరు మార్చడం మంచిది, మన కీబోర్డు షార్ట్‌కట్లు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి. ఇంకొకటి, రెండు వెర్షన్లు ఒకేసారి తెరిచి పెట్టుకోవద్దు.

3.0.3 దగ్గర ఇంకో మలుపుంది. విండోస్‌కి 64 బిట్ ఆడాసిటీ అప్పుడే వచ్చింది. అంతకుముందు అంతా 32 బిట్. 64 బిట్‌కి మారగానే 32 బిట్ వీఎస్‌టీ ప్లగిన్లు, అంటే బయటి నుంచి తెచ్చి తగిలించుకునే ఎఫెక్టులు, పనిచేయవు. కొన్ని రకాల ఆడియో ఫైళ్లు తెరవడానికి విడిగా వేసుకునే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ కూడా 64 బిట్‌ది మళ్లీ వేసుకోవాలి. మాకు ఇది ముఖ్యం, ఎందుకంటే పెందుర్తి ఆవిడ ఫోన్లోనే చదివి ఎం4ఏ ఫైళ్లు పంపుతుంది, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ లేకపోతే విండోస్‌లో ఆడాసిటీ వాటిని తీసుకోదు. అప్‌డేట్ చేశాక ఫోన్ రికార్డింగులు తెరుచుకోవట్లేదని ఎవరన్నా అంటే నేను మొదట అడిగేది ఇదే.

2021 మేలో ఆడాసిటీని మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ తీసుకుంది. వాడకం సమాచారం సేకరించే ఏర్పాటు పెడతామన్న ప్రతిపాదన రావడం, జనం గగ్గోలు పెట్టడం, వాళ్లు దాన్ని మానుకోవడం అన్నీ ఆ నెలలోనే జరిగాయి. జులైలో ప్రైవసీ పాలసీ మీద మళ్లీ రగడ. కొందరు అలిగి ఆడాసిటీ కోడ్ తీసుకునే టెనాసిటీ అని వేరు కుంపటి పెట్టుకున్నారు, కొందరు 2.4.2 దగ్గరే ఆగిపోయారు. ఆగిపోవడం నాకు సబబుగా అనిపించదు. చివరికి లోపలికి వచ్చినవి కొత్త వెర్షన్ ఉందేమో చూడటం, క్రాష్ అయితే అడిగి రిపోర్టు పంపడం. మొదటిది ప్రిఫరెన్సెస్‌లో అప్లికేషన్ అన్న చోట ఆపేయొచ్చు. నేను ఆపలేదు. కొత్తది వచ్చిందని తెలియడం మంచిదే, వేసుకోవడం నా ఇష్టం.

3.1 నాకు బాగా నచ్చిన వెర్షన్. క్లిప్పు అంచు పట్టుకుని లాగితే కుదించుకుపోతుంది, తిరిగి లాగితే కోసేసిన మాట మళ్లీ బయటికొస్తుంది. చదువులో ఊపిరి శబ్దాలు తీసేవాళ్లకి ఇది వరం. 2022 సెప్టెంబరులో వచ్చిన 3.2 మాత్రం నా చేతి అలవాట్లన్నీ చెదరగొట్టింది. ఎఫెక్టుల మెనూని గుంపులుగా విడగొట్టారు, రొద తగ్గించే నాయిస్ రిడక్షన్ ఇంకో మెనూ లోపలికి పోయింది. మైకు ఎంచుకునే పట్టీ స్థానంలో ఆడియో సెటప్ అని ఒక బటన్ వచ్చింది. గాజువాక ఆవిడ ఒక సాయంత్రమంతా మైకు ఎక్కడ మార్చాలో వెతుక్కుంది. ఇలాంటివాటికి పాత వెర్షన్‌కి పరుగెత్తక్కర్లేదు. వ్యూ మెనూలో టూల్‌బార్లలోకి వెళ్తే పాత డివైస్ పట్టీ అక్కడే ఉంది, టిక్కు పెడితే చాలు. మెనూ గుంపుల్ని కూడా ప్రిఫరెన్సెస్‌లో మార్చుకోవచ్చు.

అదే 3.2లో ట్రాక్‌కి ఎఫెక్టు తగిలించి, ఆడుతుండగానే సరిచేసుకునే వీలు వచ్చింది. పని సుఖం, కానీ అలాంటి ఎఫెక్టు ఉందనే 3.1కి తెలియదు. కొత్తదాంట్లో సేవ్ చేసిన ప్రాజెక్టును పాతదాంట్లో తెరిస్తే, ఇది కొత్త వెర్షన్‌లో తయారైంది, అప్‌గ్రేడ్ చేసుకోండి అని చెప్పి ఊరుకోవడమూ ఉంది. ఎక్స్‌టెన్షన్ రెండింటికీ ఏయూపీ3యే కావడం వల్ల పైకి తేడా ఏం కనపడదు. ఒక్కసారి కొత్తదాంట్లో సేవ్ నొక్కితే ఆ ఫైలు కొత్తదే అనుకోవాలి.

అందుకే వెర్షన్ మార్చేముందు నేను ప్రాజెక్టును కాపీ చేస్తాను, అది చాలదని ప్రతి ట్రాక్‌నీ 32 బిట్ ఫ్లోట్ వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తాను. వేవ్ ఏ వెర్షన్లోనైనా తెరుచుకుంటుంది, ఆడాసిటీయే లేకపోయినా తెరుచుకుంటుంది. పేజీ నంబర్లు గుర్తు పెట్టుకునే లేబుళ్లను టెక్స్ట్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తాను. జాగా బాగానే తింటుంది, 44,100 హెర్ట్జ్‌లో గంట మోనోకి దాదాపు 635 ఎంబీ. హార్డ్ డిస్కు కొనుక్కోవడమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి వెళ్లినప్పటి నుంచి నా ఫైళ్ల కాపీ ఒకటి రాజమండ్రిలో మా అన్నయ్యగారింట్లో ఉంటోంది, ఆయన దాన్ని ఎప్పుడూ తెరిచి చూడరనుకోండి.

ప్రాజెక్టు తెరిచి ఉన్నప్పుడు దాని పక్కన అదే పేరుతో చివర వాల్ అని ఇంకో ఫైలు కనిపిస్తుంది. చెత్త ఫైలు కాదది. కరెంటు పోయినప్పుడు ఇంకా అసలు ఫైల్లోకి ఎక్కని పని అందులో ఉండొచ్చు. దాన్ని వదిలేసి ఏయూపీ3ని మాత్రం వేరే చోటికి కాపీ చేసుకుని, కొత్త వెర్షన్ నా ఆఖరి పేజీలు తినేసింది అంటే అది ఏం చేస్తుంది? ముందు ఉన్నచోటే తెరవాలి, సేవ్ చేసి మూయాలి, ఆ తర్వాత కాపీ.

దించుకోవడం గురించి ఒక్క మాట. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన నొక్కొద్దు, ఆడాసిటీ సొంత సైటుకే వెళ్లండి. అక్కడ మ్యూజ్ గ్రూప్ వాళ్ల మ్యూజ్ హబ్ అనే ఇంకో ప్రోగ్రామ్ కూడా కలిపి ఇస్తామంటే మీ ఇష్టం, ఆడియో ఎడిట్ చేయడానికి అది అవసరం లేదు. పాత వెర్షన్లు గిట్‌హబ్ అనే కోడ్ సైటులో ఆడాసిటీ వాళ్ల విడుదలల పేజీలో ఉంటాయి. పాత వెర్షన్ అని ఎక్కడి నుంచో దించుకున్న ఎగ్జీకి నేను దూరం. అనుమానముంటే విండోస్ కమాండ్ ప్రాంప్టులో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో ఫైలు వేలిముద్ర లాంటి షా256 లెక్క తీసి, పేజీలో ఇచ్చిన దానితో సరిపోల్చుకోవచ్చు. నేను మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి ఊరుకుంటాను, మేనల్లుడు మొత్తం చూడాలంటాడు.

ప్రస్తుతం నా డీ డ్రైవ్‌లో 3.1, 3.7 పక్కపక్కన ఉన్నాయి. భూగోళం పుస్తకం 3.1లో నడుస్తోంది. 3.7లో దాని కాపీ ఒకటి పెట్టి, 3.6లో వచ్చిన, గొంతు హెచ్చుతగ్గుల్ని సమం చేసే కొత్త కంప్రెసర్‌ని పెందుర్తి ఆవిడ గొంతు మీద ప్రయత్నిస్తున్నాను. ఆవిడ వాక్యం మొదట గట్టిగా ఎత్తుకుని చివరికి గొణుగుతుంది, దానికి ఇది పాతదానికంటే బాగానే పనిచేస్తోంది. భూగోళం అయ్యాక పాలిటీని నేరుగా 3.7లో మొదలుపెడతాను. గాజువాక ఆవిడ లాప్‌టాప్‌కి కూడా అప్పుడే వెళ్లి వేసి వస్తాను. తనంతట తాను వేసుకుంటానంటోంది గానీ, నేను వచ్చేదాకా ఆగమన్నాను.