మొలకి రెండు అరలు, వీపున ఒక సంచి

పొలాల్లో పాత నాణేలు, లోహపు వస్తువులు వెతికే మెటల్ డిటెక్టర్ కొనాలనుకుంటున్నామని నన్ను అడిగే మనవాళ్ళంతా మెషిన్ గురించే అడుగుతారు. ఎంత లోతు పట్టుకుంటుంది, ఎంతవుతుంది, కంపెనీల్లో మైన్‌ల్యాబ్ మంచిదా ఎక్స్‌పీ మంచిదా. సంచి ఏది కొనాలని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. అడగరని తెలిసే రాస్తున్నాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పొలంలో తిరిగితే మెషిన్ బరువు చేతి మీద, మిగతా సరంజామా అంతా నడుము మీద. చెయ్యి నొప్పెడితే రెండో చేతికి మార్చుకోవచ్చు. నడుముకి ఆ వెసులుబాటు లేదు.

తెలియనివాళ్ళ కోసం: నేనుండేది ఇంగ్లండ్‌లో, సఫోక్ కౌంటీలో. ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం, సెలవు దొరికితే పొలాల్లో. ఇక్కడ పొలం యజమాని ఒప్పుకుంటే డిటెక్టర్ పట్టుకుని తిరగడం చట్టబద్ధమే. రక్షిత పురావస్తు స్థలాల్లో మాత్రం కుదరదు. 1996 నాటి ట్రెజర్ (నిధుల) చట్టం కిందికి వచ్చేదేదైనా దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే విచారణాధికారికి తెలియజేయాలి. దాని కిందికి రాని పాత వస్తువుల్ని కూడా ఫైండ్స్ లియాజన్ ఆఫీసరుకి, అంటే ఇలా దొరికిన వాటి సంగతి చూసే అధికారికి చూపిస్తే, ఎక్కడ దొరికిందో రాసుకుని నమోదు చేస్తారు. ఎక్కడ దొరికిందన్నది తెలియకపోతే వాళ్ళ దృష్టిలో సగం విలువ పోయినట్టే. అందుకే దొరికినవన్నీ ఒకే సంచిలో వేసుకుని ఇంటికొచ్చి చూసుకుందాంలే అంటే కుదరదు.

ముందు నడుముకి కట్టుకునే పౌచ్ సంగతి. మా సత్తెనపల్లి వైపు పత్తి తీసే ఆడవాళ్ళు నడుముకి ఒడి కట్టుకుంటారు చూడండి, చెయ్యి చెట్టు మీద, చూపు తర్వాతి కాయ మీద, పత్తి మాత్రం దానంతటదే ఒడిలోకి పోతుంది. పౌచ్ అంత అలవాటుగా ఉండాలి. మోకాళ్ళ మీద కూర్చుని, చేతి తొడుగులు బురదతో తడిసి, వాన మొహాన కొడుతుంటే ఏ జిప్ ఎక్కడుందో వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. పన్నెండు జేబులున్న పౌచ్‌లు అమ్ముతారు, ఫొటోలో భలేగా ఉంటాయి. నాకు రెండు అరలు చాలు. పెద్దది చెత్తకి, జిప్ ఉన్న చిన్నది దొరికిన వాటికి.

చెత్త అంటే తేలిగ్గా తీసుకోకండి, రోజంతా మీరు తవ్వేది దాన్నే. తుపాకీ తూటాల ఇత్తడి అడుగులు, సిగరెట్ పెట్టె రేకులు, కోత యంత్రం కింద పడి ముక్కలైన కూల్‌డ్రింక్ డబ్బాలు, ట్రాక్టరు నుంచి రాలిన బోల్టులు, సీసం ముద్దలు. అన్నీ మోసుకురావాలి. గుంటలోనే వదిలేస్తే వచ్చే ఏడు మళ్ళీ మీరే దాన్ని తవ్వుతారు. పైగా సాయంత్రం రైతుకి ఆ చెత్త చూపిస్తే పక్క పొలానికి కూడా అనుమతి వస్తుంది. మా ముసలి రైతు అలాగే ఇచ్చాడు.

పెద్ద అరకి అడుగున జాలీ ఉంటే మట్టి రాలిపోతుంది, వాననీళ్ళు నిలవవు. చిన్న అరకి మాత్రం జాలీ వద్దు. 1279లో మొదటి ఎడ్వర్డ్ గుండ్రటి ఫార్తింగ్ (పావు పెన్నీ) నాణేలు వేయించేదాకా ఇక్కడ చిల్లర కావాలంటే వెండి పెన్నీనే రెండుగానో నాలుగుగానో కోసేవాళ్ళు. అలా కోసిన పావు ముక్క ఇప్పుడు దొరికితే అర గ్రాము కూడా ఉండదు, చిటికెన వేలి గోరంత. జాలీ సందులోంచి జారిపోతే మీకు తెలియను కూడా తెలియదు.

ఆ ముక్కనే కాదు, నిండు పెన్నీని కూడా బట్ట అరలో ఉత్తినే పడేయకూడదు. ఆ నాణెం కాగితంలా పలచగా ఉంటుంది, బోల్టు పక్కన చేరి మీరు రెండుసార్లు వంగి లేస్తే వంకర పోతుంది. గట్టి డబ్బా ఒకటి కావాలి. రేకు డబ్బా వద్దు, పిన్‌పాయింటర్ (గుంటలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో చెప్పే చేతి కర్ర) దగ్గరికి రాగానే గోల పెడుతుంది. నా వృత్తి నాకు ఇక్కడ పనికొచ్చింది: వారం రోజుల మాత్రల డబ్బా. ఏడు గళ్ళు, ఏడు మూతలు, ప్లాస్టిక్. గడి అడుగున పలచటి ఫోమ్ ముక్క కత్తిరించి పెట్టాను. దూది పెట్టకండి, దాని పోగులు నాణెం అంచులకి చిక్కుకుంటాయి, లాగితే పెచ్చులు లేస్తాయి. సోమవారం గడిలో పెన్నీ, మంగళవారంలో బెల్టు బకుల్ ముక్క, అలా వేసుకుంటూ ఫోన్లో గ్రిడ్ రిఫరెన్సు (మ్యాపు మీద ఆ చోటు చెప్పే అక్షరాలు, అంకెలు) తీసి పక్కన వారం పేరు రాసుకుంటాను. రెండక్షరాలు, పది అంకెలు ఉంటే మీటరు కచ్చితత్వంతో చోటు తెలుస్తుంది. ఎనిమిది అంకెలైతే పది మీటర్లు. గడిలో పట్టనివి చిన్న జిప్ కవర్లలోకి పోతాయి, పైన చెరగని మార్కర్‌తో అంకెలు. బాల్‌పెన్ను తడి కవరు మీద రాయదు. ఆదివారం గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంచుతాను, అందులో బంగారం పడాలని. మా అమ్మాయి ఇంటికి రాగానే ముందు ఆ మూతే తీస్తుంది.

ఇక పిన్‌పాయింటర్ సంగతి. నాది గ్యారెట్ వాళ్ళ నారింజ రంగుది, అందరూ క్యారెట్ అంటారు. దీని తొడుగు బెల్టుకి కుడివైపు, పౌచ్ ఎడమవైపు. ఫోన్ ఆ రెండింటికీ దూరంగా, కోటు పై జేబులో. నడుము జేబులో ఫోన్ పెట్టుకుని కాయిల్ (నేల మీద ఊపే మెషిన్ అడుగు చక్రం) ఊపుతూ, పొలమంతా సిగ్నళ్ళే అని సంబరపడేవాళ్ళని చూశాను. ఉక్కు మునివేళ్ళ బూట్లకీ అదే జబ్బు. అయస్కాంతం మూతలున్న పౌచ్‌లు కూడా కొనకండి, క్యారెట్ దగ్గరికి పోతే అరుస్తుంది. క్యారెట్‌కి ఒక తాడు కట్టి బెల్టుకి తగిలించండి. రంగు ఎంత మెరిసినా, పెళ్ళ కింద పెట్టి గుంట పూడ్చేశాక అది కనపడదు.

బెల్టు దగ్గర ఆడవాళ్ళకి ఒక కష్టముంది. వీటిని తయారు చేసేవాళ్ళ మనసులో ఉండేది ఆరడుగుల తెల్లాయన. నా చుట్టూ తిరిగి ఒక మూర మిగులుతుంది. తోలు బెల్టైతే కొత్త చిల్లులు పొడవాలి. వెడల్పు నైలాను పట్టీ, ప్లాస్టిక్ క్లిప్పు ఉన్నదే మేలు: చలికోటు మీద వదులు, ఆగస్టులో చొక్కా మీద బిగువు. నడుము సన్నం దగ్గర కాదు, తుంటి ఎముక మీద కూర్చోవాలి. అప్పటికీ చెత్త నిండేసరికి ప్యాంటుతో సహా కిందికి లాగుతుంది. భుజాల మీదుగా పోయే పట్టీలు జోడించాక నాకు ప్రాణం లేచొచ్చింది. చూడ్డానికి పోస్టుమాన్‌లా ఉన్నావంటారు మావారు. ఉండనీ.

గుడ్డ విషయానికొస్తే, కాన్వాసు అందంగా ఉంటుంది, తడిస్తే రెండింతలు బరువు, మూడో రోజుకి వాసన. సఫోక్ మధ్యలో నేలంతా జిగట బంకమన్ను, మన రేగడి తొక్కినవాళ్ళకి వర్ణించక్కర్లేదు. పీవీసీ పూత ఉన్న నైలానుకైతే గార్డెన్ పైపుతో కడిగితే సరిపోతుంది. వెల్‌క్రో ఆ మట్టిలో ఒక్క సీజను కూడా పట్టదు. సముద్రం వైపు ఇసుక నేలల్లో జిప్పులు ఇరుక్కుంటాయి. ఇక మిలిటరీ మచ్చల బట్ట ఎందుకంత అమ్ముడుపోతుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. మనం వెళ్ళేది యుద్ధానికా? కోత అయిన గోధుమ మోళ్ళలో ఆ సంచి కింద పెట్టి ఇటు తిరిగితే మాయం. పైగా మచ్చల బట్టలో ఎవరో పొలంలో వంగి ఉంటే ఏ రైతుకైనా గుండె జారుతుంది. నాది కళ్ళు చెదిరే నారింజ రంగు.

వీపు సంచికి 25 లీటర్లు చాలు. లోపల ఇనుప ఫ్రేము లేనిది చూసుకోండి. నీళ్ళు, వాన కోటు, ప్లాస్టర్లు, బ్యాటరీ, తిండి. కంచె వారన పెట్టేసి తిరగడమే, వీపున వేసుకుని తవ్వడం నా వల్ల కాదు. దూరం నడిచి వెళ్ళేవాళ్ళకి మడిచే కడ్డీ ఉన్న మెషిన్ అయితే అది కూడా ఈ సంచిలోనే పడుతుంది. పార మాత్రం పట్టదు. బెల్టుకి ఉక్కు రింగు తగిలించి పార వేలాడదీసుకునే ఏర్పాటు ఉంది, అడుగడుక్కీ మోకాలి చిప్పకి తగులుతుంది. నేను ఎడం చేత్తో కర్రలా పట్టుకుని నడుస్తాను.

తిండి గురించి మాత్రం గట్టిగా చెబుతాను, మందుల మనిషిని కాబట్టి. ఈ పొలాల్లో సీసం చాలా దొరుకుతుంది: పాతకాలపు మస్కెట్ తుపాకుల గుండ్లు, బట్టల మూటలకి వేసిన సీలులు, టోకెన్లు. సీసం ఒంట్లోకి పోతే మంచిది కాదు. పులిహోర డబ్బా, దొరికిన వస్తువులు ఒకే సంచిలో ఉండకూడదు. వేరే సీసాలో నీళ్ళు, సబ్బు ముక్క పెట్టుకుని చేతులు కడుక్కున్నాకే తినాలి. పులిహోర చెంచాతో తినొచ్చు కదా అంటారేమో, అది వేరే గొడవ.

అసలు సంచిలో వేయకూడనివి రెండున్నాయి. ఒకటి పేలని మందుగుండు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కౌంటీ నిండా విమానాశ్రయాలే, వాటి తాలూకు సామాను ఇంకా నేలలో ఉంది. అనుమానం వస్తే ముట్టుకోకుండా, చోటు గుర్తు పెట్టుకుని దూరం జరిగి పోలీసులకి ఫోన్ చేయాలి. రెండోది ఒకేచోట గుంపుగా దొరికేది. 1992 నవంబరులో మా కౌంటీలోనే హాక్సన్ ఊళ్ళో ఎరిక్ లాస్ అనే ఆయన, స్నేహితుడు పారేసుకున్న సుత్తి వెతకబోయి రోమన్ల నిధి మీద కాలు పెట్టాడు. కొన్ని తీశాక మొత్తం ఊడబెరకకుండా ఆపి, కబురు పెట్టాడు. పురావస్తు శాఖవాళ్ళు వచ్చి జాగ్రత్తగా తీశారు కాబట్టే అదంతా ఒక ఓక్ పెట్టెలో ఉండేదని, లోపల యూ అనే చెట్టువీ, చెర్రీవీ చెక్కలతో చేసిన చిన్న పెట్టెలుండేవని, కొన్నిటిని ఉన్నిబట్టలోనూ ఎండుగడ్డిలోనూ సర్దారని తెలిసింది. దాదాపు పదిహేను వేల నాణేలు. వెండితో చేసిన బుల్లి తాళాలు కూడా ఉన్నాయి. గోనెసంచిలోకి ఎత్తిపోసి ఉంటే ఆ సర్దిన తీరు ఎవరికీ తెలిసేది కాదు. ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నా సంచికి ఆ అదృష్టం పట్టే సూచనలేం కనపడటం లేదు.

మా బాబాయి ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మాయ్, ఆ మిషన్ ఒకసారి మన కొండవీడు వైపు పట్టుకురారాదూ, లంకెబిందెలు దొరికితే చెరిసగం" అంటాడు. వేళాకోళమే, అయినా జవాబు ఇక్కడ రాసి పెడుతున్నాను, చాలామంది అడిగే ప్రశ్నే కాబట్టి. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. పది రూపాయలు దాటిన విలువైనది భూమిలో దొరికితే కలెక్టరుకి తెలియజేయాల్సిందే. రక్షిత కట్టడాల దగ్గర తవ్వితే నేరం, గుప్తనిధుల కోసం తిరిగేవాళ్ళని పోలీసులు పట్టుకున్న వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. ఇండియా వచ్చేటప్పుడు నా సూట్‌కేసులో చాక్లెట్లే ఉంటాయి బాబాయ్.

కొత్తవాళ్ళు ముందు ఏం కొనాలంటే: హార్డ్‌వేర్ షాపులో వడ్రంగులు కట్టుకునే మేకుల పౌచ్ ఒకటి, మాత్రల డబ్బా ఒకటి. నాలుగు నెలలు దాంతో తిరగండి. ఏ అర తక్కువైందో, ఏది అడ్డమైందో అప్పటికి మీ నడుమే చెబుతుంది, ఖరీదైనది తర్వాత చూసుకోవచ్చు. ఒక గట్టి బ్రష్షు మాత్రం మొదటి రోజే కొనండి. ఒక పొలం మట్టి ఇంకో పొలానికి మోసుకుపోతే దాంతోపాటు బ్లాక్‌గ్రాస్ విత్తనాలు కూడా పోతాయి. గోధుమ రైతులకి ఆ కలుపు పేరు చెబితేనే ఒళ్ళు మండుతుంది. గేటు దాటకముందే బూట్లు, పార, పౌచ్ అడుగు దులిపేసుకోవాలి.